నార్వల్ సిగ్నల్ దగ్గర మాడ్ ఇల్లు

బ్రాంప్టన్‌లోని మా ఇంటి నుంచి గ్వెల్ఫ్‌లోని ఆఫీసుకి వెళ్లే దారిలో నార్వల్ అనే చిన్న ఊరు తగులుతుంది. ఊరనడం కూడా ఎక్కువేనేమో. ఒక సిగ్నల్, క్రెడిట్ నది, కొన్ని పాత ఇళ్లు, ఒక ప్రెస్బిటేరియన్ చర్చి. ఏడేళ్లపాటు ఆ సిగ్నల్ దగ్గర ఆగుతూ వెళ్లాను. కళ్లు ముందున్న కారు మీద, మనసు పొద్దున్నే ఉండే స్టాండప్ మీటింగ్ మీద. ఆ చర్చి పక్క ఇంట్లో కెనడాలో అందరికీ తెలిసిన రచయిత్రి ఒకావిడ తొమ్మిదేళ్లు కాపురం చేసిందని నాకు తెలియదు.

తెలిసింది మా అమ్మాయి వల్ల. అది గ్రేడ్ 8లో ఉండగా బుక్ రిపోర్ట్ కోసం 'యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' తెచ్చుకుంది. ఆ పుస్తకం పేరు వినని తెలుగు కుటుంబం కెనడాలో ఉండదు. వేసవిలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ ట్రిప్‌కి వెళ్లడం, అక్కడ ఎర్ర జడలు కుట్టిన గడ్డి టోపీ పిల్లల నెత్తిన పెట్టి ఫొటో తీయడం, దాన్ని ఇండియాలో తాతయ్యకీ అమ్మమ్మకీ వాట్సాప్‌లో పంపడం మనకి మామూలే. మా ఫ్రిజ్ మీదా అలాంటి ఫొటో ఒకటుంది. రాసినావిడ గురించి నాకు తెలిసిందల్లా పిల్లల కథలు రాస్తుందని, అంతే.

రెండు వారాల తర్వాత పిల్ల ఇంకో పుస్తకం పట్టుకొచ్చింది. అదే రచయిత్రిది, 'ద బ్లూ కాజిల్'. లైబ్రరీలో పెద్దవాళ్ల అరలో దొరికిందట. లవ్ స్టోరీలా ఉంది, చదవొచ్చా అని అడిగింది. ముందు నేను చదివి చెబుతానని తీసుకున్నాను. రాత్రి పదింటికి మొదలుపెట్టి రెండున్నరకి మూసేశాను. మర్నాడు ఆవిడ జీవిత చరిత్ర వెతికి తెచ్చుకున్నాను. అందులో నార్వల్ పేరు కనిపించింది.

ఆవిడ పూర్తి పేరు లూసీ మాడ్ మాంట్‌గొమరీ. ఇంట్లో అందరూ మాడ్ అనేవాళ్లు. 1874 నవంబరు 30న ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లోని క్లిఫ్టన్ అనే పల్లెలో పుట్టింది. ఇరవయ్యొక్క నెలల పిల్లగా ఉండగానే తల్లి క్లారా క్షయతో పోయింది. తండ్రి పిల్లని కావెండిష్‌లో అత్తమామలకి అప్పగించి, కొన్నాళ్లకి పని వెతుక్కుంటూ పడమటి దిక్కున ప్రిన్స్ ఆల్బర్ట్ వెళ్లిపోయాడు. అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగిన పిల్ల అంటే మనకి గారాబం గుర్తొస్తుంది. మాడ్‌కి అది దక్కలేదు. ఇద్దరూ పెద్దవాళ్లు, పట్టింపులవాళ్లు, మాట తక్కువ మనుషులు. తిండికీ బట్టకీ లోటు లేదు. నవ్వుకే కరువు.

పదిహేనో ఏట తండ్రి దగ్గరికి రైల్లో దేశం అడ్డంగా దాటుకుని వెళ్లింది. అక్కడ సవతి తల్లి ఉంది. చదువుకుందామని వెళ్లిన పిల్ల పసిపిల్లల్ని ఎత్తుకోవడం, ఇంటి పని చేయడం దగ్గర ఆగిపోయింది. ఏడాదిలో తిరిగొచ్చేసింది. కానీ అక్కడుండగానే 1890 నవంబరులో షార్లట్‌టౌన్ పత్రికలో ఆమె పద్యం ఒకటి అచ్చయింది. అచ్చులో పేరు చూసుకున్న ఆ ఆనందం ఆమెని బతికున్నంత కాలం నడిపించింది.

తర్వాత టీచర్ ట్రైనింగ్. రెండేళ్ల కోర్సుని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కాలేజీలో ఒక్క ఏడాదిలో ముగించింది. బిడిఫర్డ్‌లో పంతులమ్మగా పనిచేసి కూడబెట్టిన డబ్బుకి అమ్మమ్మ ఇచ్చింది కలిపి హాలిఫాక్స్‌లోని డల్‌హౌసీ యూనివర్సిటీకి వెళ్లింది. డబ్బు ఒక్క ఏడాదికే సరిపోయింది. ఆ ఏడాదే ఒక పత్రిక పోటీ పెట్టింది: ఓర్పు ఎక్కువ ఆడవాళ్లకా, మగవాళ్లకా? మాడ్ మారుపేరుతో రాసి అయిదు డాలర్లు గెలుచుకుంది. ఓర్పు మీద బహుమతి కొట్టినావిడకి ముందు ముందు ఎంత ఓర్పు కావాల్సొస్తుందో అప్పుడు తెలియదు.

మళ్లీ బడి. బెల్‌మాంట్ అనే ఊళ్లో అద్దెకున్న ఇంట్లో చలికాలం పొద్దున్నే ఆరింటికి లేచి, కోటు తొడుక్కుని, పాదాలు గడ్డకట్టకుండా వాటిమీదే కూర్చుని, దీపం వెలుగులో రాసేదట. తర్వాత పొద్దంతా పాఠాలు. అలా రాసినవి ఎలాంటివి? ప్రేమకథలు, దయ్యాల కథలు, సండే స్కూల్ పత్రికలకి బుద్ధి చెప్పే కథలు. ఏ పత్రికకి ఏది కావాలో గమనించి అది రాసి పంపేది. ఇప్పుడు మనం జానర్ ఫిక్షన్ అనేది అప్పట్లో ఆమెకి బతుకుతెరువు. మొత్తం జీవితంలో 20 నవలలు, 500కి పైగా కథలు, దాదాపు అన్నే పద్యాలు అచ్చువేసింది. ఆమె దయ్యాల కథలని 1990లో విడిగా ఒక సంపుటిగా వేశారు. టోపీ ఫొటోలు తీసుకునే మనలో ఆ సంగతి ఎందరికి తెలుసు?

1898లో తాతయ్య పోయాడు. వీలునామాలో పొలం, ఇల్లు కొడుక్కి రాశాడు. అమ్మమ్మ ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఉండొచ్చు, అదీ మనవరాలు తోడుంటేనే సాగేది. ఇరవై మూడేళ్ల మాడ్ ఉద్యోగం మానేసి కావెండిష్ వచ్చేసింది. మధ్యలో కొన్ని నెలలు హాలిఫాక్స్ పత్రికలో పనిచేసింది తప్ప, 1911 దాకా ఆ ముసలావిడ దగ్గరే ఉండిపోయింది. ఆ కాలంలోనే ఒక నిశ్చితార్థం చేసుకుని తెంపుకుంది. మనసు పడ్డ వేరే యువకుణ్ణి వద్దనుకుంది. అతను 1899లో జబ్బుచేసి పోయాడు. 1900లో తండ్రి పోయాడు.

ఆ ఇంట్లో ఒక్క సదుపాయం ఉండేది. ఊరి పోస్టాఫీసు వాళ్ల ఇంట్లోనే నడిచేది. కథ ఎవరికీ తెలియకుండా పంపొచ్చు. తిరిగొస్తే ఎవరికీ తెలియకుండా దాచుకోవచ్చు. పోస్టాఫీసు ఇంకొకరి చేతిలో ఉండి, తిరుగుటపాలో వచ్చిన కవర్లు ఊరంతా చూసి ఉంటే ఆమె అన్నేళ్లు పంపుతూ ఉండేదా? ఉద్యోగాలకి అప్లై చేసి, రిజెక్షన్ మెయిల్స్ ఇంట్లోవాళ్లకి కూడా చూపించకుండా డిలీట్ చేసిన మనవాళ్లకి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆమె దగ్గరున్న పాత నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం పాటి ఆలోచన ఉంది. ముసలివాళ్లిద్దరు పొలం పనికి సాయంగా ఒక కుర్రాణ్ణి పంపమని అనాథాశ్రమానికి కబురు పెడతారు, పొరపాటున ఆడపిల్ల వస్తుంది. 1905లో దాన్ని నవలగా రాయడం మొదలుపెట్టింది. పూర్తయ్యాక అయిదుగురు ప్రచురణకర్తలకి పంపింది. అయిదుగురూ తిప్పి పంపారు. టోపీలు పెట్టుకునే అట్టపెట్టెలో పడేసింది. ఎప్పుడైనా తీరికున్నప్పుడు ఏడు అధ్యాయాలకి కుదించి సండే స్కూల్ పత్రికకి సీరియల్‌గా ఇద్దామనుకుంది. కొన్నాళ్లకి పెట్టె సర్దుతుంటే కనబడింది. పేజీలు తిప్పింది. మరీ అంత చెడ్డగా లేదనిపించింది. ఆరోసారి బోస్టన్‌లోని ఎల్.సి. పేజ్ కంపెనీకి పంపితే వాళ్లు తీసుకున్నారు. 1908 జూన్‌లో పుస్తకం వచ్చింది. అయిదు నెలల్లో 19 వేలకి పైగా ప్రతులు అమ్ముడుపోయాయి.

ఇక్కడ ఒక్క విషయం ఆగి చెప్పాలి. 1908లో యంగ్ అడల్ట్ అనే అర లేదు. యాన్ కథని పెద్దవాళ్లు పెద్దవాళ్ల నవలగానే చదివారు. అమెరికాలో మార్క్ ట్వేన్ మెచ్చుకుంటూ రాశాడు. బ్రిటన్ ప్రధాని స్టాన్లీ బాల్డ్విన్ 1927లో కెనడా వచ్చినప్పుడు ఆమెని కలవాలని కోరుకున్నాడు. అది ఆడపిల్లల పుస్తకం, చిన్నపిల్లల పుస్తకం అనే ముద్ర ఆ తర్వాత పడింది. ముద్ర వేయడానికి ప్రచురణకర్తలూ, విమర్శకులూ ఇద్దరూ చెయ్యేశారు.

పేజ్ కంపెనీ కాంట్రాక్టు చూడండి. రాయల్టీ హోల్‌సేల్ ధర మీద పది శాతం. అంతవరకు సరే. వచ్చే అయిదేళ్లలో ఆమె రాసే పుస్తకాలన్నీ అవే షరతులకి వాళ్లకే ఇవ్వాలని కూడా అందులో ఉంది. మొదటి ఆఫర్ లెటర్ వచ్చిన సంబరంలో చిన్న అక్షరాలు చదవకుండా సంతకం పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఆమెని తప్పుపట్టను. పుస్తకం హిట్టయింది కాబట్టి వెంటనే రెండో యాన్ కావాలన్నారు. 1909కల్లా ఇచ్చింది. యాన్ తన మెడకి చుట్టుకుంటుందేమోనన్న భయం ఆమెకి అప్పుడే ఉంది. అదే జరిగింది. యాన్ పెళ్లయింది, పిల్లలు పుట్టారు, వాళ్లు పెరిగారు, వాళ్లు యుద్ధానికి వెళ్లారు. 1939 దాకా యాన్ కథలు వస్తూనే ఉన్నాయి.

1911 మార్చిలో అమ్మమ్మ పోయింది. ఆ ఇల్లు ఇక ఆమెది కాదు. అప్పటికి అయిదేళ్లుగా ఎవరికీ చెప్పకుండా నిశ్చితార్థం చేసుకుని ఎదురుచూస్తున్న యూవన్ మాక్‌డొనాల్డ్ అనే పాస్టర్‌ని జూలై 5న పెళ్లి చేసుకుంది. అప్పుడామె వయసు 36. పెళ్లి అయ్యాక ఆయనకి పని ఉన్న చోటికి, అంటే ఒంటారియోలోని లీస్క్‌డేల్‌కి కాపురానికొచ్చింది. దీవిలో పుట్టి పెరిగిన మనిషి, సముద్రం లేని చోటికి. 1911 నుంచి చనిపోయేదాకా ఆమె ఉన్నది ఒంటారియోలోనే. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ గురించి ఆమె పేజీల కొద్దీ రాసిన ఆ ఎర్రమట్టి దారులు, ఆపిల్ పూలు, సముద్రపు గాలి చాలావరకు దూరం నుంచి తలుచుకుంటూ రాసినవే. తెనాలి గురించి నేను బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో కూర్చుని రాసుకున్నట్టు. వదిలొచ్చిన ఊరు మనం చెప్పేటప్పుడు ఎప్పుడూ కాస్త ఎక్కువ పచ్చగానే ఉంటుంది.

లీస్క్‌డేల్‌లో ఆమె దినచర్య తలుచుకుంటే నాకు ఆయాసమొస్తుంది. పొద్దున్న రెండు మూడు గంటలు రాత. మిగతా రోజంతా పాస్టర్ భార్య ఉద్యోగం, జీతం లేనిది. చర్చి ఆడవాళ్ల సంఘాలు, పిల్లల నాటకాలు, జబ్బుచేసిన వాళ్ల పరామర్శలు, ఇంటికొచ్చిన వాళ్లకి టీలు. 1912లో పెద్ద కొడుకు చెస్టర్ పుట్టాడు. 1914 ఆగస్టులో రెండో బిడ్డ హ్యూ ప్రాణం లేకుండానే పుట్టాడు. అదే నెలలో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. 1915లో స్టువర్ట్. యుద్ధం వార్తలు చదువుతూ ఆ నాలుగేళ్లూ నిద్రలేకుండా గడిపింది. ఊళ్లో కుర్రాళ్లు చనిపోయినప్పుడు ఆ ఇళ్లకి కబురు చేరవేయడం పాస్టర్ పని. అదంతా 'రిల్లా ఆఫ్ ఇంగిల్‌సైడ్' అనే నవలలో 1921లో పెట్టింది. ఇంటిదగ్గర ఉండిపోయిన ఆడవాళ్ల వైపు నుంచి ఆ యుద్ధం గురించి రాసిన కెనడా నవలలు చాలా తక్కువ. దాన్నీ యాన్ సిరీస్‌లో ఎనిమిదో పుస్తకంగా పిల్లల అరలో పెట్టేశారు.

1919 ఆమె జీవితంలో పాడు సంవత్సరం. జనవరిలో ఆమె ప్రాణ స్నేహితురాలు, తల్లి తోబుట్టువు కూతురు ఫ్రెడెరికా కాంప్‌బెల్ ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయింది. ఆ వేసవికి భర్త మంచం పట్టాడు. ఒంట్లో జబ్బు కాదు. దేవుడు తనని ముందే నరకానికి రాసిపెట్టాడని, తనకి విముక్తి లేదని నమ్మేశాడు. ఊరికి దేవుడి మాట చెప్పాల్సిన మనిషికి వచ్చిన జబ్బు అది. దాన్ని అప్పట్లో మత సంబంధమైన మెలాంకలీ అనేవాళ్లు. ఇప్పటి డాక్టర్లు డిప్రెషన్ అంటారు. అప్పటి మందులు మనిషిని మత్తులో పడేయడం తప్ప నయం చేసేవి కావు.

మాడ్ ఏం చేసింది? దాచింది. ఆయనకి తలనొప్పి అంది, నిద్ర పట్టడం లేదంది, అలసట అంది. ఊరికి తెలిస్తే పాస్టర్ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది, ఎందుకంటే ఇల్లు చర్చి ఇచ్చింది. ఆయన లోపల గదిలో తల పట్టుకుని కూర్చుంటే, ఈవిడ ముందు గదిలో వచ్చినవాళ్లకి కేకు కోసి పెట్టి, నవ్వించి పంపేది. మర్నాడు పొద్దున్న కూర్చుని ఇంకో నవ్వించే అధ్యాయం రాసేది.

ఈ చోటికి వచ్చేసరికి నేను పుస్తకం మూసేసి కాసేపు కిచెన్‌లో నిలబడ్డాను. మావారిని అడిగే ఈ మాట రాస్తున్నాను. కొన్నేళ్ల కిందట ఒక చలికాలం ఆయన మూడు నెలలు గది దాటి బయటికి రాలేదు. లేఆఫ్‌తో మొదలైంది కానీ దానితో ఆగలేదు. సంక్రాంతి పార్టీకి ఆయన రాకపోతే ప్రొడక్షన్ రిలీజ్ అని చెప్పాను. ఉగాదికి వైరల్ ఫీవర్ అన్నాను. అత్తయ్యగారు వీడియో కాల్ చేస్తే బాత్రూంలో ఉన్నారనేదాన్ని. పిల్లల ముందు మామూలుగా ఉండటం, ఆఫీసులో మామూలుగా ఉండటం. చివరికి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది నేను కాదు, పక్కింటి పంజాబీ ఆంటీ. ఆవిడకి నేను ఏమీ చెప్పలేదు. మూడు నెలలుగా డ్రైవ్‌వేలో మంచు నేనొక్కదాన్నే తీయడం చూసి అర్థం చేసుకుంది. ఇప్పుడాయన బాగున్నారు. మందులు వాడుతున్నారు, ఉద్యోగం చేస్తున్నారు, ఈ పేరా చదివి ఒక తప్పు దిద్దారు కూడా. మాడ్ ఇంటికి ఆ ఆంటీ లాంటివాళ్లు రాలేదు. వచ్చినా మాడ్ తలుపు తీసేది కాదేమో.

ఆమె తలుపు తీసింది డైరీకి మాత్రమే. పద్నాలుగేళ్ల వయసు నుంచి రాస్తూనే ఉంది. 1919లో ఆ పాత డైరీలన్నిటినీ ఒకే సైజు పెద్ద పుస్తకాల్లోకి తిరగరాయడం మొదలుపెట్టింది, ఎప్పుడో ఒకనాడు లోకం చదవాలని. మొత్తం పది సంపుటాలు. ఇప్పుడవి గ్వెల్ఫ్ యూనివర్సిటీలో ఉన్నాయి, మా ఆఫీసుకి పది నిమిషాల దూరంలో. వాటినుంచి ఎంపిక చేసిన భాగాలు 1985 నుంచి 2004 వరకు అయిదు పుస్తకాలుగా వచ్చాయి. అవి వచ్చేదాకా ఆమె హాయిగా బతికిన పాస్టరమ్మ అనే అందరూ అనుకున్నారు.

అదే కాలంలో కోర్టు కేసులు. రాయల్టీ ఎగ్గొట్టారని పేజ్ కంపెనీ మీద బోస్టన్‌లో దావా వేసింది. 1919లో రాజీపడి తన పాత పుస్తకాల హక్కులు 18 వేల డాలర్లకి కాస్త తక్కువకి అమ్మేసింది. అదే ఏడాది యాన్ మీద మూకీ సినిమా వచ్చింది. దానిమీద ఆమెకి ఒక్క సెంటు రాలేదు. 1920లో పేజ్ కంపెనీ ఆమె పాత కథల్ని ఆమె ఒప్పుకోకుండానే పుస్తకంగా వేసింది. మళ్లీ దావా. పల్లెటూరి పాస్టర్ భార్య, మధ్యాహ్నం చర్చి మీటింగు నడిపి రాత్రి లాయర్లకి ఉత్తరాలు రాసుకుంటూ, దాదాపు తొమ్మిదేళ్లు పోరాడి 1928లో గెలిచింది. ఆ ప్రచురణకర్త తన కాంట్రాక్టులతో ఇంకెందరో రచయితల్ని నోరు మూయించి ఉంటాడు. ఈమె మూయలేదు.

ఇంత జరుగుతుండగా 'ద బ్లూ కాజిల్' రాసింది. 1922లో సెలవులకి ముస్కోకా ప్రాంతంలోని బాలా అనే ఊరికి వెళ్లారు. సరస్సులు, దీవులు, పైన్ చెట్లు. మన వాళ్లు ఇప్పుడు కాటేజ్ బుక్ చేసుకుని బార్బెక్యూ చేసుకునే ప్రాంతమే. ఆ చోటు ఆమె మనసులో ఉండిపోయి 1926లో నవలగా వచ్చింది. పూర్తిగా ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ బయట జరిగే ఆమె నవల ఇదొక్కటే. కథానాయిక వాలన్సీకి 29 ఏళ్లు. పెళ్లి కాలేదు. తల్లి, పిన్ని, బాబాయిలు, మేనమామలు అందరూ ఆమె గురించి ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ఏం తినాలో, ఏం చదవాలో, జుట్టు ఎలా దువ్వుకోవాలో కూడా వాళ్లే చెబుతారు. ఒకరోజు డాక్టర్ నుంచి ఉత్తరం వస్తుంది. గుండె జబ్బు, ఇక ఏడాదే. ఆ రాత్రే ఆమె భయం వదిలిపోతుంది. కుటుంబ విందులో అందరికీ నోటికొచ్చిన నిజం చెప్పేస్తుంది. ఊరు వెలేసిన ఒక చనిపోతున్న అమ్మాయికి సేవ చేయడానికి ఇల్లు వదిలి వెళ్తుంది. తర్వాత ఊళ్లో చెడ్డపేరున్న ఒకతన్ని తనే అడిగి పెళ్లి చేసుకుంటుంది. మిగతాది చెప్పను.

అది రొమాన్స్. రొమాన్స్ పద్ధతులన్నీ అందులో ఉన్నాయి. రహస్యం దాచిన నాయకుడు, మారిన ఉత్తరాలు, చివరి మలుపు. చదువుతుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. తెనాలిలో అద్దె పుస్తకాల షాపు నుంచి యద్దనపూడి సులోచనారాణి నవలలు తెచ్చుకుని, తాతయ్య చూడకుండా బియ్యం డబ్బా వెనక దాచి, మధ్యాహ్నం చదివేది. అవి చదివితే ఆడవాళ్లు చెడిపోతారని తాతయ్య నమ్మకం. సాహిత్యం తెలిసిన మగవాళ్లకి అవి కాలక్షేపం పుస్తకాలు. కానీ ఆ మధ్యాహ్నపు రెండు గంటలు మా అమ్మని ఎలా నిలబెట్టాయో వాళ్లకి తెలియదు. వాలన్సీని రాసినావిడకి తెలుసు. ఎందుకంటే ఆవిడ రాసిన కథలో వాలన్సీని కూడా పుస్తకాలే నిలబెడతాయి.

ఆ పుస్తకం వచ్చిన 1926లోనే వాళ్లు నార్వల్ మారారు. ఆ ఊరు, ఆ పైన్ చెట్లు ఆమెకి నచ్చాయి. 1931లో పెద్దవాళ్ల కోసం 'ఎ టాంగిల్డ్ వెబ్' అని ఇంకో నవల రాసింది. ఒక ముసలావిడ చనిపోతూ, వంశంలో తరతరాలుగా వస్తున్న పాత కూజా ఎవరికి దక్కుతుందో ఏడాది తర్వాతే తెలుస్తుందని చెప్పి చుట్టాలందరినీ ఆడించే కథ. మన ఇళ్లల్లో వడ్డాణం గొడవలు చూసినవాళ్లకి చాలా నవ్వొస్తుంది. నా లెక్కలో యాన్ కన్నా ఈ రెండు నవలలే ఎక్కువ. అయినా జనానికి యానే కావాలి, ప్రచురణకర్తకి యానే కావాలి. ఇంట్లో కొడుకుల చదువులకి డబ్బు కావాలి. ఆమె యాన్ దగ్గరికే తిరిగి వెళ్లింది.

ఈలోగా కెనడా సాహిత్య లోకంలో కొత్త తరం విమర్శకులొచ్చారు. ఆధునికత అన్నారు, వాస్తవికత అన్నారు. వాళ్లలో పేరున్న విలియం ఆర్థర్ డీకన్ ఆమె పుస్తకాలని తేలిక చేసి రాశాడు. 1938లో రచయితల సంఘం కార్యవర్గంలో ఆమెకి చోటు లేకుండా పోయింది. అదే ఆవిడకి 1935లో ఓబీఈ వచ్చింది, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో ఆమె కథల చుట్టూ 1937లో నేషనల్ పార్క్ కట్టారు. ఊరి జనం ఒకవైపు, సాహిత్యం పెద్దలు ఒకవైపు.

1934లో భర్త జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఈసారి గ్వెల్ఫ్‌లోని మానసిక చికిత్సాలయంలో కొన్నాళ్లు ఉంచారు. నార్వల్ నుంచి గ్వెల్ఫ్‌కి, నేను రోజూ కాఫీ తాగుతూ వెళ్లే దారి. ఆవిడ ఏం ఆలోచిస్తూ వెళ్లి ఉంటుందోనని ఇప్పుడు అనిపిస్తూ ఉంటుంది. తర్వాతి ఏడాది చర్చి సంఘంతో అపార్థాలు ముదిరి ఆయన రిటైర్ కావాల్సొచ్చింది. టొరంటోలోని రివర్‌సైడ్ డ్రైవ్ మీద ఇల్లు కొనుక్కున్నారు. పెళ్లయిన దాదాపు పాతికేళ్లకి సొంత ఇల్లు. దానికి ప్రయాణం ముగిసిన చోటు అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. పెద్ద కొడుకు వల్ల తీరని బాధలు. రెండో ప్రపంచ యుద్ధం. చిన్న కొడుకుని ఎక్కడ పంపిస్తారోనని భయం. ఒకప్పుడు రోజూ రాసిన డైరీ చివరి మూడేళ్లు దాదాపు ఖాళీ.

1942 ఏప్రిల్ 24న ఆమె టొరంటో ఇంట్లో చనిపోయింది. 67 ఏళ్లు. గుండె జబ్బు అన్నారు. 66 ఏళ్లపాటు అదే మాట. 2008లో, యాన్ నవలకి నూరేళ్లు నిండిన ఏడాది, ఆమె మనవరాలు ఒక జాతీయ పత్రికలో వేరే మాట రాసింది. నాన్నమ్మ డిప్రెషన్‌తో తన ప్రాణం తనే తీసుకుందని కుటుంబం మొదటినుంచీ నమ్ముతోందని, ఇక దాచడం వల్ల ఎవరికీ మేలు లేదని. ఆమె జీవిత చరిత్ర రాసిన మేరీ రూబియో మాత్రం అది మందుల వల్ల పొరపాటున జరిగి ఉండొచ్చని, మంచం పక్కన దొరికిన కాగితం డైరీలో పేజీ అయి ఉండొచ్చని అంటుంది. ఏది నిజమైనా, ఆ ఇంట్లో దాచడం ఆమెతో ఆగలేదు, తర్వాతి రెండు తరాలు కూడా మోశాయి.

ఆమె చనిపోయిన రోజే ఒక రాతప్రతి ప్రచురణకర్త ఆఫీసుకి చేరింది. యాన్ కుటుంబం కథలే, కానీ చీకటి కథలు. వ్యభిచారం, పగ, మరణం, యుద్ధం మీద అనుమానం. మధ్యమధ్య పద్యాలు, వాటిమీద యాన్ ఇంట్లోవాళ్ల మాటలు. 1974లో వాటిలో కొన్ని కథలని, కత్తిరించి, వేరే పేరుతో వేశారు. మొత్తం పుస్తకం 'ద బ్లైత్స్ ఆర్ కోటెడ్' అన్న ఆమె పెట్టిన పేరుతో వచ్చింది 2009లో. పిల్లల అరలో పెట్టిన మనిషి పెద్దవాళ్లకి రాసిన ఆఖరి పుస్తకానికి 67 ఏళ్లు పట్టింది.

జపాన్ సంగతి ఒక్కటి చెప్పాలి. హనాకో మురావోకా అనే అనువాదకురాలికి 1939లో జపాన్ వదిలి వెళ్తున్న కెనడా మిషనరీ ఒకావిడ తన యాన్ పుస్తకం ఇచ్చి వెళ్లింది. యుద్ధంలో ఇంగ్లీషు పుస్తకం ఇంట్లో ఉండటమే ప్రమాదం. మురావోకా దాన్ని దాచుకుంటూ అనువాదం చేసింది. 1952లో అచ్చయింది. జపాన్ నుంచి కావెండిష్‌కి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఎంతమందో, అక్కడికి వెళ్లిన మీకు తెలుసు.

మాడ్‌ని కావెండిష్‌లోనే, తను పెరిగిన చోటికి దగ్గర్లో పూడ్చారు. మరుసటి ఏడాది భర్తనీ అక్కడే.

మా అమ్మాయికి 'బ్లూ కాజిల్' ఇచ్చేశాను. రెండు రోజుల్లో చదివేసి, వాలన్సీ విందులో మాట్లాడే చోటు నాకు మళ్లీ చదివి వినిపించింది. దాని బుక్ రిపోర్ట్ యాన్ మీదే వెళ్లింది, టీచర్ లిస్టులో అదే ఉంది మరి. పోయిన అక్టోబరులో మేం నలుగురం నార్వల్‌లో కారు ఆపాం. చర్చి, పక్కన ఇల్లు. పెద్దగా చూడటానికి ఏమీ లేదు. మావారు ఇంటి ముందు కాసేపు నిలబడి, గ్వెల్ఫ్ ఇక్కడినుంచి అప్పట్లో ఎంతసేపు పట్టేదో అని అడిగారు.

వెళ్లాలనుకునే వాళ్లకి: టొరంటోకి ఉత్తరాన అక్స్‌బ్రిడ్జ్ దగ్గరున్న లీస్క్‌డేల్ ఇల్లు నేషనల్ హిస్టారిక్ సైట్. వేళలు చూసుకుని వెళ్లండి. ముస్కోకా వెళ్తే బాలాలో ఆగండి. పిల్లలకి యాన్ కొనిచ్చేటప్పుడు మీకోసం 'ద బ్లూ కాజిల్' కూడా తీసుకోండి. ఇంట్లో ఎవరైనా గది దాటి రాకపోతే, కెనడాలో ఎక్కడినుంచైనా, ఏ వేళలోనైనా 988కి ఫోన్ చేయొచ్చు, టెక్స్ట్ కూడా చేయొచ్చు.